కనకలక్ష్మి తల, దీవెన తొందర

దీవెనకి కాలు ఒకచోట నిలవదని వాళ్ళమ్మ తెరేసమ్మ ఉయ్యూరులో కనిపించిన వాళ్ళందరికీ చెప్పేది. అది నిందో మురిపెమో ఆవిడకే తెలియదు. పదో తరగతి అయ్యాక దీవెన బట్టల కొట్లో చేరింది, మానేసింది. కుట్టు నేర్చుకుంది, మిషను అమ్మేసింది. ఒక నర్సింగ్ హోములో రిసెప్షన్ దగ్గర పెడితే, "కూర్చోవడమే పనైతే నావల్ల కాదు" అని వచ్చేసింది. చివరికి విజయవాడ గవర్నర్‌పేటలో తబస్సుం అనే ఆవిడ నడిపే ఆడవాళ్ళ సెలూన్‌లో ఊడ్చే పనికి చేరి, అక్కడే కత్తెర పట్టడం నేర్చుకుంది. ఏళ్ళు గడిచినా అందులోంచి మాత్రం కదల్లేదు. రోజంతా నిలబడి ఒకరి తర్వాత ఒకరి తల పట్టుకునే పనిలో కూర్చోవలసిన అవసరం రాదు. అదే ఆమెకి నచ్చింది.

ఆ పనితో పాటు ఆమెకి ఒక అలవాటు అంటుకుంది. ఎక్కడికెళ్ళినా మనిషి ముఖం కంటే ముందు తల కనబడేది. ప్రార్థనలో కళ్ళు మూసుకోవలసిన సమయంలో కూడా ముందు వరసలో ఎవరు తడిజుట్టు ముడేసుకుని వచ్చారో, ఎవరు ఇంట్లోనే రంగు వేసుకుని చెవుల పక్కన వదిలేశారో చూస్తూ ఉండేది. తెరేసమ్మ మోచేత్తో పొడిచేది. దీవెన తల వంచుకునేది, మళ్ళీ ఎత్తేది.

అలా చూసిన తలల్లో ఆమెని అన్నిటికంటే ఎక్కువ కుదురు లేకుండా చేసింది, తను రోజూ పొద్దున ఎక్కే బస్సు కండక్టరు తల. ఆవిడ పేరు కనకలక్ష్మి. నలభై దాటిన మనిషి, పొడగరి, చీర మీద ఖాకీ చొక్కా. నడుం దాకా ఉండే జడని మడిచి పైకి కట్టేది. ఉయ్యూరులో బస్సు కదిలేటప్పుడు బాగానే ఉండే తల, కంకిపాడు వచ్చేసరికి పాపిడి పొడవునా మెరిసేది. పోరంకి దాటాక నుదుటి మీది వెంట్రుకలు తాళ్ళలా అతుక్కుపోయేవి. కండక్టరు చేతి రుమాలుతో రుద్దుకునేది, టికెట్ ఇచ్చేది, మళ్ళీ రుద్దుకునేది. ఆ రుమాలు పట్టుకుని లాగి, "అట్లా రుద్దకండి" అని చెప్పాలని దీవెన వేళ్ళు గుంజుకునేవి. కానీ అడగనిదే ఎవరి తల గురించీ మాట్లాడకూడదు.

ఆడవాళ్ళకి బస్సు ఉచితమయ్యాక ఆ దారిలో నిలబడటానికి కూడా చోటుండటం లేదు. మే నెలలో ఒకరోజు, ఉక్కపోతకి లోపలున్న వాళ్ళంతా ఉడికిపోతున్న సమయంలో, కనకలక్ష్మి జనాన్ని తోసుకుంటూ వంగి, కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయికి డబ్బుల్లేని సున్నా టికెట్ ఇవ్వబోయింది. ఆ అమ్మాయి చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది.

"కొంచెం దూరంగా ఉండండి ఆంటీ. మీ తల నా మీదకి ఆనుతోంది. ఏంటా జిడ్డు, నూనె డబ్బాలో ముంచుకొచ్చారా?"

పక్కన ఇద్దరు నవ్వారు. కనకలక్ష్మి తల వెనక్కి తీసుకుంది. టికెట్ చింపి ఇచ్చింది, ముందుకెళ్ళింది. ఆమె చెవులు ఎర్రబడటం వెనక నిలబడ్డ దీవెనకి కనిపించింది. పాత బస్టాండు దగ్గర దీవెన దిగుతుంటే, కండక్టరు కూడా ఫుట్‌బోర్డు మీదికి వచ్చింది.

"అమ్మాయ్, నువ్వు పార్లర్లో చేస్తావంటగా?"

"అవునండీ."

"దీన్ని కొట్టేస్తావా? మెడ దాకా. కాదు, ఇంకా పైకి, మగాళ్ళలాగా."

దీవెన నోరు తెరిచేలోపే డ్రైవరు హారన్ కొట్టాడు. "నా ఆఫ్ రోజు వస్తాను," అంటూ కనకలక్ష్మి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రెండు మూడు రోజులూ దీవెనకి వేరే ఆలోచన లేదు. సెలూన్‌కి ఆ మధ్యే ఒక కంపెనీ వాళ్ళు కొత్త ట్రీట్‌మెంట్ ఇచ్చి వెళ్ళారు. జిడ్డు తలలకని చెప్పి ఒక నురగ మందు, దాని వెంట గరుకు రవ్వలా ఉండే స్క్రబ్బు. ఒక్క పూట శిక్షణ ఇచ్చి, ఫొటోలు తీసుకుని వెళ్ళారు. ఇంతవరకూ దాన్ని వాడే తల దొరకలేదు. ఇప్పుడు దొరికింది. దీవెన ఆ సీసా తీసి మూత వాసన చూసేది, మళ్ళీ అరలో పెట్టేది.

కనకలక్ష్మి వచ్చిన రోజు తబస్సుం షాపులో లేదు, సరుకు కోసం వన్‌టౌన్ వెళ్ళింది. ఖాకీ చొక్కా లేకుండా, మామూలు చీరలో కనకలక్ష్మి వేరే మనిషిలా ఉంది. అద్దం ముందు కూర్చుంది గానీ అద్దంలోకి చూడలేదు. దీవెన జడ విప్పి, పాయలు తీసి, దీపం కింద చూసింది.

"ఇంట్లో ఏం వాడతారండీ?"

"అడక్కు. పొద్దున డ్యూటీకి ముందు షాంపూ. సాయంత్రం మళ్ళీ. ఆదివారం నిమ్మకాయ, వంటసోడా. దేనితోనూ పోకపోతే బట్టల సబ్బు."

"బట్టల సబ్బా!"

"చొక్కా కాలరుకి పట్టిన జిడ్డు దాంతోనేగా పోయేది. తలకి పోదా అనుకున్నా." కనకలక్ష్మి నవ్వబోయి మానేసింది. "ఆ తర్వాత తలంతా బిగుసుకుపోయి ఒకటే దురద. అప్పుడు మా అమ్మ కొబ్బరినూనె అంటుతుంది. హాయిగా ఉంటది. తెల్లారేసరికి మళ్ళీ ఇదే."

పాయల మధ్య చర్మం అక్కడక్కడ ఎర్రగా ఉంది. చెవుల వెనక, నుదుటి అంచున పసుపు రంగు పొట్టు జిడ్డుగా అంటుకుని ఉంది. గోళ్ళు గీసిన గీతలు కూడా ఉన్నాయి. అక్కడ దీవెన చెయ్యి ఒక క్షణం ఆగింది. ఎర్రగా ఉన్న చోట గట్టి మందు పెట్టకూడదని శిక్షణలో ఎవరో అన్నట్టు లీలగా గుర్తొచ్చింది. తబస్సుం మేడమ్‌కి ఫోను చేసి అడుగుదామా అనుకుంది. కానీ కుర్చీలో ఉన్న మనిషి, "కానీ అమ్మాయ్, కత్తెర తియ్యి, మళ్ళీ నాకు మనసు మారిపోద్ది" అంటోంది. అంత జుట్టుని కత్తెరకి ఇవ్వడం దీవెనకి ఇష్టం లేదు. తను బాగుచేయగలనని ఆ క్షణంలో గట్టిగా నమ్మింది.

"కోత వద్దండీ. నేనొకటి చేస్తాను, చూడండి. మీకు నచ్చకపోతే అప్పుడు కొట్టేద్దాం."

వేడినీళ్ళు పెట్టింది. నురగ మందు పోసింది. స్క్రబ్బుతో, మొండి జిడ్డు దగ్గర గోళ్ళతో కూడా, కసిగా రుద్దింది. "మంటగా ఉందా?" అని ఒకసారి అడిగింది. "కొంచెం. ఉండనీ, పోవాలిగా," అంది కనకలక్ష్మి కళ్ళు మూసుకునే. ఆ జవాబు దీవెనకి చాలింది.

ఆరబెట్టాక ఆ జుట్టు గాలికి ఎగిరింది. కనకలక్ష్మి అప్పుడు అద్దంలోకి చూసుకుంది. వేళ్ళు జుట్టులోకి పోనిచ్చి, తీసి, వేళ్ళు చూసుకుంది. జిడ్డు లేదు. మళ్ళీ పోనిచ్చింది. "ఇది నా తలేనా?" అంది. ఆ మాట దీవెనని సాయంత్రం దాకా నేల మీద నిలవనివ్వలేదు.

మర్నాడు పొద్దున బస్సులో వేరే కండక్టరు ఉన్నాడు. డ్యూటీ మారి ఉంటుందనుకుంది. ఆ తర్వాతి రోజూ అతనే. దీవెన నిలబడ్డ చోట నిలవలేక, జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్ళి డ్రైవరుని అడిగింది.

"కనకలక్ష్మి గారు రావట్లేదేంటండీ?"

"లీవు పెట్టింది. తలకి ఏదో చేయించుకుందంట, వికటించిందంటమ్మా."

దీవెన దిగవలసిన స్టాపు దాటిపోయింది. తర్వాతి స్టాపులో దిగి, ఎండలో వెనక్కి నడిచింది. ఆ పూట ఒకావిడకి జుట్టు వంకరగా కత్తిరించి, సరిచేయబోయి ఇంకా పొట్టి చేసింది. తబస్సుం కళ్ళెర్రజేసింది. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి, ఒక ముద్ద తిని, మూసేసింది. ఎవరికీ ఏమీ చెప్పకుండా తలనొప్పి అని సెలవడిగి, కంకిపాడు బస్సెక్కింది. కండక్టరు ఇల్లు ఆ ఊళ్ళోనేనని పొద్దున డ్రైవరు చెప్పాడు. వీధులు అడుక్కుంటూ వెళ్ళింది. ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంది.

తలుపు తీసింది కనకలక్ష్మి తల్లి మాణిక్యమ్మ. వెనక గదిలో ఫ్యాను కింద, తల చుట్టూ తడి తువ్వాలుతో కనకలక్ష్మి కూర్చుని ఉంది. దీవెనని చూడగానే తువ్వాలు తీసి చూపించింది. నుదుటి అంచు పొడవునా చర్మం ఉబ్బి ఉంది. మాడు మీద రెండుచోట్ల రసి కారుతోంది.

"చూడు. బాగా చూడు. నేను కొట్టెయ్యమన్నా. ఆ పని చేస్తే పోయేది. నీకెందుకమ్మా అంత ఉత్సాహం? దిండు మీద తల పెట్టలేకపోతున్నా."

"తప్పయిపోయిందండీ."

"తప్పంటే తగ్గుద్దా?"

మాణిక్యమ్మ నూనె గిన్నె పట్టుకుని వచ్చింది. "నేను చెబుతూనే ఉన్నా, చల్లగా నూనె పెడితే సర్దుకుంటదని."

"వద్దు పిన్నిగారూ, ఇప్పుడు ఏదీ పెట్టకండి," అంది దీవెన. అని ఊరుకోలేదు. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి, "పదండి, డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఇప్పుడే. నేను ఆటో పిలుస్తా," అంది. కనకలక్ష్మి కోపంగా చూసింది. కానీ నొప్పి కోపం కంటే పెద్దదైనట్టుంది, లేచి చీర మార్చుకుంది. గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా కనకలక్ష్మి పళ్ళు బిగించేది, దీవెన ముందు కడ్డీని గట్టిగా పట్టుకునేది.

విజయవాడలో చర్మవైద్యురాలు పెద్దావిడ. భూతద్దంలాంటి దానితో తల చూసి, "ఎవరు చేశారిది?" అంది.

"నేనేనండి," అంది దీవెన.

డాక్టరు కళ్ళద్దాల మీంచి చూసింది. తిట్టలేదు. ఏ మందు, ఎంతసేపు, నీళ్ళు ఎంత వేడి, గోళ్ళు తగిలాయా అని ఒక్కొక్కటీ అడిగింది. దీవెన దాచకుండా చెప్పింది. అప్పుడు డాక్టరు కనకలక్ష్మి వైపు తిరిగింది.

"నీ తలలో రెండున్నాయమ్మా. ఒకటి నూనె. అది నీ ఒంట్లోంచే వస్తుంది. కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. వయసుని బట్టి, ఒంట్లో మార్పుల్ని బట్టి మారుతుంది. ఈ ఎండకి, బస్సులో ఉక్కకి చెమట కూడా కలుస్తుంది. అది మురికి కాదు, నీ తప్పూ కాదు. రెండోది ఈ పసుపు పొట్టు. నూనె తిని బతికే ఒక రకం బూజు అందరి తలల్లోనూ ఉంటుంది. నీకు దాంతో పడక చర్మం ఎర్రబడుతోంది. పైన కొబ్బరినూనె పెడితే దానికి విందు పెట్టినట్టే. బట్టల సబ్బు, సోడా పెడితే చర్మం పుండవుతుంది. పుండు మీద ఈ అమ్మాయి గరుకు మందు రుద్దింది."

"మరి రోజూ తలస్నానం చేస్తేనే నూనె ఇంకా ఎక్కువ ఊరుతుందంటారుగా మేడమ్?" అంది దీవెన. ఆ మాట తనే ఎంతోమందికి చెప్పింది.

"రోజూ చేయడంలో తప్పు లేదు. దేనితో చేస్తున్నారన్నదే అసలు విషయం. మెత్తటి షాంపూ, గోరువెచ్చని నీళ్ళు, వేళ్ళ కొసలతో నెమ్మదిగా. జిడ్డు వచ్చే మనిషికి అవసరమైతే రోజూ చేసుకోవచ్చు. పుండు మానాక వారానికి రెండుసార్లు వాడటానికి మందు షాంపూ రాసిస్తాను. పెట్టగానే కడిగెయ్యకుండా కొంచెంసేపు ఉంచాలి. కండిషనర్ పెడితే జుట్టు చివర్లకే. తడిజుట్టు ముడెయ్యొద్దు. అప్పటిదాకా చల్లటి నీళ్ళు, నేనిచ్చే లోషను, అంతే."

"నూనె రావడం ఆగిపోద్దా మేడమ్?" కనకలక్ష్మి అడిగింది.

"ఆగదు. తలతో సర్దుకుపోవాలి. దురద, పొట్టు మాత్రం తగ్గుతాయి."

ఆ జవాబు ఇద్దరికీ నచ్చలేదు. బయటికి వచ్చాక కనకలక్ష్మి మెట్ల మీద ఆగింది. "పోదంట," అంది. తర్వాత కాస్త తేలికైన గొంతుతో, "నా తప్పు కాదంట," అంది.

మర్నాడు దీవెన జరిగిందంతా తబస్సుంకి చెప్పింది. తబస్సుం కోపిష్టి కాదు గానీ షాపు పేరంటే ఆవిడకి ప్రాణం. తలుపు వేసి మరీ అడిగింది.

"తల ఎర్రగా ఉందని చూశావా?"

"చూశాను మేడమ్."

"చూసి కూడా పెట్టావా? నాకొక ఫోను చెయ్యలేకపోయావా?"

"చేద్దామనుకున్నా. తొందర పడ్డాను. ఆ సీసా తీసి పారేద్దాం మేడమ్, అది మంచిది కాదు."

"సీసాని అనకు. బాగున్న తలకి అది పనిచెయ్యొచ్చు. అయినా ఒక్క పూట నేర్పి వెళ్ళిపోయిన దాన్ని నేను అరలో పెట్టడం నాదీ తప్పే." తబస్సుం దీవెన వైపు తిరిగింది. "వెళ్ళిపోతావా? ఇంతకు ముందు అన్నిచోట్లా అదేగా చేశావు."

నిజానికి దీవెన రాత్రంతా అదే అనుకుంది. ఇంకో పని, ఇంకో ఊరు, తలలతో సంబంధం లేని చోటు. తీరా ఆ మాట తబస్సుం నోటి నుంచి వినేసరికి ఒళ్ళు మండింది. "వెళ్ళను," అంది. అన్నాక తనకే ఆశ్చర్యమేసింది.

ఆ తర్వాత దీవెన పని పద్ధతి మారింది. జిడ్డని వచ్చిన వాళ్ళ తలని ముందు పొడిగా, వెలుతురులో, పాయపాయగా చూసేది. పాపిడి మీద పల్చటి కాగితం అద్ది, జిడ్డు మాడు నుంచి వస్తోందా, పైన రాసినదేనా అని చూసేది. హెల్మెట్ పెట్టుకుంటారా, ఏవైనా మందులు వాడుతున్నారా, తడిజుట్టు కట్టుకుంటారా అని అడిగేది. ఎర్రగా ఉన్నా, పొట్టు ఊడుతున్నా, "ఇది నేను ముట్టుకునేది కాదండీ, డాక్టరుకి చూపించండి" అనేది. అలా అన్నందుకు ఇద్దరు ముగ్గురు అలిగి వేరే సెలూన్‌కి వెళ్ళారు. తబస్సుం పళ్ళు కొరికింది గానీ అడ్డుపడలేదు. చిన్ని అనే కాలేజీ అమ్మాయి, తలంతా జిడ్డేనని ఏడుపు ముఖంతో వస్తే, విషయమంతా కండిషనర్ మాడుకి పట్టించడమేనని తేలింది. చివర్లకి మాత్రమే పెట్టమంటే వారంలో సర్దుకుంది. ఆ పిల్ల తెచ్చిన మిఠాయి దీవెన తినలేకపోయింది. కంకిపాడులో తల ఎలా ఉందో అన్నదే ఆమెకి ధ్యాస.

రోజు విడిచి రోజు అక్కడికి వెళ్ళేది. మొదట్లో కనకలక్ష్మి ముభావంగా తల చూపించేది. పుండు మానుతున్న కొద్దీ మాటలు వచ్చాయి. మాణిక్యమ్మే అసలు సమస్య. రాత్రి కాగానే ఆవిడ చేతులు నూనె గిన్నె కోసం వెతికేవి.

"పుట్టినప్పటి నుంచి పెడుతున్నానమ్మా. నూనె లేకపోతే తల మాడిపోదూ?"

"మాడదు పిన్నిగారూ. అక్క తలలోనే ఊరుతోందిగా. మీకు పెట్టాలనిపిస్తే ఇదిగో, ఇక్కడ, జడ చివర రెండు చుక్కలు. స్నానానికి ముందు."

మాణిక్యమ్మ జడ చివర పట్టుకుని కూర్చుంది. "ఇదేం అంటడం? మనిషి దూరంగా ఉన్నట్టుంది," అంది. మర్నాడు దీవెన సెలూన్ నుంచి పెద్ద పళ్ళ దువ్వెన ఒకటి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుంది.

వానలు మొదలయ్యాక కనకలక్ష్మి డ్యూటీకి వచ్చింది. చర్మం మామూలు రంగుకి తిరిగింది, దురద తగ్గింది. జిడ్డు మాత్రం డాక్టరు చెప్పినట్టే ఉంది, మధ్యాహ్నానికి వచ్చేస్తుంది. ఆ ఏడు శ్రావణంలో ఒక ఆఫ్ రోజు ఆవిడ మళ్ళీ సెలూన్‌కి వచ్చింది, ఈసారి తల్లితో.

"భుజాల దాకా కొట్టెయ్ దీవెనా."

"మళ్ళీ ఎవరన్నా ఏమన్నా అన్నారా అక్కా?"

"అనేవాళ్ళు అంటానే ఉంటారు. అందుక్కాదు. నాలుగింటికి లేచి ఇంత జుట్టు తడిపి ఆరబెట్టేసరికి మొదటి బస్సు వెళ్ళిపోతోంది. పొట్టిగా ఉంటే చప్పున ఆరుద్ది."

దీవెన కత్తెర పట్టుకుని వెంటనే కదల్లేదు. పొడవు రెండుసార్లు చూపించి అడిగింది, మాణిక్యమ్మని కూడా అడిగింది. ఆవిడ ముఖం పక్కకి తిప్పుకుని, "దాని తల, దాని ఇష్టం," అంది. పని పూర్తయ్యాక కనకలక్ష్మి మెడ అటూ ఇటూ తిప్పి, బరువు తగ్గిందని నవ్వింది. మాణిక్యమ్మ నేల మీది జడని ఒడిలో పెట్టుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత, "ముఖం ఇప్పుడు కనపడుతోంది," అని ఒప్పుకుంది.

దాంతో డిపోలో పనిచేసే మిగతా ఆడవాళ్ళు కూడా ఒక్కొక్కరే గవర్నర్‌పేట రావడం మొదలుపెట్టారు. వాళ్ళ కోసం దీవెన ఒక కుర్చీని గోడ వైపు తిప్పించింది. తల గురించిన మాటలు మిగతా వాళ్ళ చెవిన పడకుండా, గొంతు తగ్గించి మాట్లాడేది.

కుదురు మాత్రం ఆమెకి రాలేదు. ఎవరి తలకి ఏం చేసినా, మర్నాడు ఫోను చేసి ఎలా ఉందో కనుక్కోకపోతే చెయ్యి ఆడదు. మొన్న ఒక మధ్యాహ్నం, ముందు రోజు తల చేయించుకుని వెళ్ళిన బసవయ్యగారి భార్యకి ఒకటే రోజులో మూడోసారి ఫోను చేసింది.

"మంటగా ఏమన్నా ఉందా అండీ? దురద?"

"ఏమీ లేదు తల్లీ. బ్రహ్మాండంగా ఉంది. నన్ను కాసేపు పడుకోనిస్తావా?"

"పడుకోండి, పడుకోండి," అని దీవెన ఫోను పెట్టేసింది. రెండు నిమిషాలు కిటికీ దగ్గర నిలబడి, తడిజుట్టుతో పడుకోలేదు కదా అనుకుంటూ మళ్ళీ ఫోను చేతిలోకి తీసుకుంది.